అమ్మ ఇంట్లో కెమెరా

డిస్టోపియా నవలలు, అంటే మనుషులు పెత్తనం కింద నలిగే చీకటి లోకాల కథలు, మనవాళ్లు బాగానే చదువుతున్నారు. సిరీస్‌గా వస్తే రాత్రంతా కూర్చుని చూస్తున్నారు కూడా. చూశాక జరిగే చర్చ మాత్రం ఎప్పుడూ ఒకే దారిన పోతుంది. ఫలానా దేశంలో ప్రభుత్వం ఇట్లా చేస్తోంది, ఫలానా కంపెనీ అట్లా చేస్తోంది. దుర్మార్గుడు ఎప్పుడూ ఇంకెవరో. ఆ కథలు మన గడప దాకా రావడం లేదన్నదే నా ఫిర్యాదు.

గడప దాకా వస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో అక్షరదీపం అనే వయోజన అక్షరాస్యత కార్యక్రమంలో చదువుకుంటున్న ఆడవాళ్లకు వాచకంలో ఒక పాఠం ఎదురైంది. ఆడవాళ్లంతా ఒక్కటై ఊళ్లో సారా దుకాణం మూయించిన కథ అది. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు దాన్ని కథగా వదిలేయలేదు, మన ఊళ్లో ఎందుకు మూయించలేం అనుకున్నారు. ఉద్యమం జిల్లా దాటింది, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మధ్యలో ప్రభుత్వం ఆ పాఠాన్ని వాచకంలోంచి తీసేసింది. పాఠం పనిచేసిందనడానికి అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి!

జార్జ్ ఆర్వెల్ '1984' కూడా అట్లా చదవాలి. 1949లో వచ్చిన నవల. (ఆయన పుట్టింది మన బీహార్‌లోని మోతీహారీలోనే.) అందులో నియంత ప్రభుత్వం పెట్టించిన గోడ మీది టెలిస్క్రీన్ ఇంట్లోవాళ్లను చూస్తూ ఉంటుంది. కథానాయకుడు విన్‌స్టన్ డైరీ రాసుకోవడానికి దాని చూపు ఆనని మూల చూసుకుంటాడు. ఇప్పుడు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు లాయర్‌పేటలోనో పిల్లలు అమెరికాలో ఉన్న ఇంటికి వెళ్లండి. హాల్లో టీవీ పైన చిన్న తెల్ల కెమెరా. న్యూజెర్సీలో కొడుకు మీటింగ్ మధ్యలో ఫోన్ తీస్తాడు. "అమ్మా, ఇంకా పడుకోలేదేం?" అని కెమెరాలోంచే గొంతు. ఆవిడ ఉలిక్కిపడి పైట సర్దుకుంటుంది. చీర మార్చుకోవాలంటే వంటింట్లోకి పోతుంది. ఎదురింటావిడ కోడలి సంగతి చెప్పుకుందామని వచ్చి, ఒకసారి టీవీ వైపు చూసి, "మళ్లొస్తాలే వదినా" అని లేస్తుంది.

ప్రేమ కొద్దీ పెట్టిందే, కాదనను. ఒంటరిగా ఉన్న మనిషి రాత్రిపూట జారిపడితే ఎవరు చూస్తారన్న టెన్షన్ నిజమైనదే. నియంతృత్వమూ ప్రేమా ఒకటి కావు. కానీ ఆ చూపు కింద ఉన్న మనిషి సొంత ఇంట్లో ఒళ్లు దగ్గర పెట్టుకుని బతకడం రెండు చోట్లా ఒకటే. పనిమనిషి సంగతి మరీ అన్యాయం. అమ్మనైనా ఒక మాట అడిగి ఉంటారు, ఆమెను అడిగినవాళ్లు నాకు తగల్లేదు. కాసేపు కాళ్లు చాపుకుంటే సముద్రాల అవతల నుంచి ఫోన్ వస్తుంది.

చట్టం అడ్డుపడుతుందా అంటే, పెద్దగా పడదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023 నాటి డేటా రక్షణ చట్టం మాత్రం సొంత అవసరానికో ఇంటి అవసరానికో మనిషి వాడుకునే సమాచారం జోలికి రాదు. అంటే ఇక్కడ పెత్తనం చాలావరకు మనదే.

ఆ నవల్లో మన చర్చల్లోకి రాని సంగతి ఒకటుంది. ఓబ్రియన్ లాంటి పెద్ద అధికారి తన టెలిస్క్రీన్ ఆపుకోగలడు, విన్‌స్టన్‌కు ఆ వీలు లేదు. మన ఇళ్లలో ఆ వీలు ఉన్నది కొడుకు ఫోన్‌లో. ఆ వీలును అమ్మకు ఇవ్వడం పెద్ద పనేం కాదు. ప్లగ్ ఆమె చేతికందే చోట ఉండాలి, తీసేసినప్పుడు ఎందుకు తీశావని అడగకూడదు. పడిపోతుందన్న భయమే అసలు కారణమైతే మెడలో వేసుకుని నొక్కే బటన్లు దొరుకుతున్నాయి. ఎదురింటావిడ దగ్గర ఒక తాళంచెవి ఉంచవచ్చు, ఆవిడ మళ్లీ రావడం మొదలుపెడితే.

ఈ మాట అంటే ఒకాయన, "ఆమె ఆపేసుకుంటే అక్కడేం జరుగుతోందో మాకెట్లా తెలుస్తుందండీ?" అన్నారు. ఫోన్ చేసి అడగండి.