గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదా?

సంక్రాంతి వెళ్లిన నాటి నుంచి ఒకే సందేశం నా ఫోనుకు పదకొండుసార్లు వచ్చింది. డిగ్రీ మిత్రుల వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంటు సంఘం గ్రూపులో మూడుసార్లు, పెళ్లి జరిగి రెండేళ్లయినా ఎవరూ మూసేయని ఒక పెళ్లి గ్రూపులో ఒకసారి వస్తే, మిగిలినవి ‘ఇది చూశావా’ అన్న పలకరింపుతో విడివిడిగా వచ్చాయి. మొదటి పదింటికీ నేను మౌనం వహించాను. పదకొండోది మా అన్నయ్య కూతురు పంపింది. ఆ అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. సందేశం కింద ఒకే ఒక్క వాక్యం రాసింది: ‘బాబాయ్, ఇది నిజం కాదుగా?’

చూడనివారి కోసం ఆ సందేశ సారాంశం ఇది. 2026 చైనా లెక్కన ‘అగ్ని అశ్వ’ సంవత్సరమట. ఇది 5000 ఏళ్ల నాటి శాస్త్రమట. అరవై ఏళ్లకు ఒక్కసారి మాత్రమే వచ్చే అరుదైన ఏడాది కాబట్టి జనవరి 1 నుంచే జాగ్రత్తలు మొదలుపెట్టాలట. గుర్రం ఏడాదిలో పుట్టినవారికి ఈసారి పట్టిందల్లా బంగారమట, ఎలుక ఏడాదివారిని మాత్రం గుర్రం తొక్కేస్తుందట. ఈ ఏడాది పుట్టే ఆడపిల్లలు మెట్టినింటికి అరిష్టం కనుక సంతానం కోరుకునేవారు వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవడం మేలట. దక్షిణపు గోడకు ఎర్ర గుర్రం పటం పెట్టాలి, అదృష్ట సంఖ్యలు ఇవి, అదృష్ట రంగు ఇది, తొమ్మిది మందికి పంపండి.

అరుదైన ఏడాది అన్న మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి ఒక్క నిమిషం చాలు. నిప్పు, నీరు వంటి తత్త్వాలను చెప్పే పది ‘కాండాలు’, జంతువులను చెప్పే పన్నెండు ‘శాఖలు’ జతకట్టి తిరిగే అరవై ఏళ్ల చక్రంలో ఏ ఏడాదైనా అరవై ఏళ్లకు ఒక్కసారే వస్తుంది. నిరుటి సర్పమూ అంతే, వచ్చే ఏటి మేకా అంతే. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు పెట్టుకుని, అవి ఒక చుట్టు తిరిగాక షష్టిపూర్తి చేసుకునే మనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పవలసి రావడమే విడ్డూరం. పైగా ఈ మార్చి 19 ఉగాదితో మొదలయ్యేది పరాభవ నామ సంవత్సరం. 1966లో వచ్చిందీ పరాభవే. పేరులోనే పరాభవం ఉన్నా, ఆ పేరు చూసి మన ఊళ్లలో ఎవరూ పిల్లల్ని కనడం మానుకోలేదు.

జనవరి 1 సంగతి కూడా అంతే. చైనా కొత్త సంవత్సరం ఈసారి ఫిబ్రవరి 17న వచ్చింది, జాతకాలు చెప్పేవారిలో చాలామంది ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే వసంతారంభాన్ని లెక్కలోకి తీసుకుంటారు. జనవరి 1 నుంచి లెక్కపెట్టడం 1873లో పాశ్చాత్య క్యాలెండరుకు మారిన జపానులో ఉంది గానీ, చైనాలో లేదు. ‘1990లో పుట్టినవారు గుర్రాలు’ అని కూడా ఆ సందేశంలో ఉంది, కానీ ఆ ఏడు చైనా నూతన సంవత్సరం జనవరి 27న వచ్చింది. అందువల్ల అంతకు ముందే పుట్టిన నా మిత్రుడి తమ్ముడు నెల రోజులుగా గుర్రమని మురిసిపోతున్నాడు గానీ, పాపం, అతను పాము.

5000 ఏళ్ల శాస్త్రం అన్నదాని దగ్గర కాస్త ఆగాలి. ఈ అంశం నిజానికి చాలా సరదా అయినది. పన్నెండు జంతువుల జాబితా మనకు దొరికిన పాత ఆధారాలలో ప్రసిద్ధమైనది, 1975లో హూబే రాష్ట్రంలోని షుయ్‌హుదీ దగ్గర ఒక చిన్న ఉద్యోగి సమాధిలో బయటపడిన వెదురు బద్దల మీద ఉంది. ఆ సమాధి క్రీ.పూ. 217 నాటిది, అంటే 5000లో సగం కూడా లేదు. అందులో ఆ జాబితా ఎందుకు రాశారనుకుంటున్నారు? దొంగలను పట్టుకోవడానికి. దొంగతనం ఏ రోజున జరిగిందో చూసి, ఆ రోజుకు చెందిన జంతువును బట్టి దొంగ పోలికలు చెప్పే పట్టిక అది. ఎలుక నాడు దొంగతనం జరిగితే దొంగకు మూతి కోసుగా, మీసాలు పలచగా ఉంటాయని ఉంది. సంవత్సర ఫలాల ప్రసక్తి ఆ పట్టికలో లేదు. ఇంకా ముచ్చటైన సంగతేమిటంటే, ఈరోజు గుర్రానికి కేటాయించిన ఏడో స్థానంలో ఆ బద్దల మీద ఉన్నది జింక. గుర్రం దాని తరువాతి స్థానంలో, ఇప్పుడు మేక ఉన్నచోట ఉంది. పాతదే ప్రమాణమని పట్టుబట్టేవారు 2026ను ‘అగ్ని జింక’ సంవత్సరంగా ప్రకటించి, గోడ మీది పటాన్ని మార్చుకోవాలి. వియత్నాంవారైతే కుందేలును తీసేసి పిల్లిని కూర్చోబెట్టుకున్నారు, జపానువారు పంది బదులు అడవిపందిని పెట్టుకున్నారు. సరిహద్దు దాటగానే జంతువు మారిపోయే శాస్త్రానికి మన అపార్ట్‌మెంటులో ఇంత పలుకుబడి ఎలా వచ్చిందో నాకు అంతుబట్టడం లేదు.

గుర్రంవారికి బంగారం, ఎలుకవారికి తొక్కుడు అన్న అంశం చైనా సంప్రదాయానికే విరుద్ధం. అక్కడ తన జంతువు ఏడాది తిరిగి వచ్చిందంటే అది గండకాలంగా భావిస్తారు. ఎర్ర నడికట్టు, ఎర్ర మేజోళ్లు, ఆఖరికి లోదుస్తులు కూడా ఎర్రవే వేసుకుని ఆ పన్నెండు నెలలూ గట్టెక్కాలని చూస్తారు. అంటే ఈ ఏడాది భయపడవలసిన వరుసలో గుర్రంవారే ముందుంటే, మనవాళ్లు వారికి శుభాకాంక్షలు పంపుతున్నారు. ఇక ఎలుక విషయానికొస్తే, దానికి జవాబు క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే వాంగ్ చోంగ్ అనే చైనా పండితుడు చెప్పి ఉన్నాడు. ఎలుకది నీటి తత్త్వం, గుర్రానిది నిప్పు తత్త్వం, నీరు నిప్పును గెలుస్తుందంటున్నారు కదా, మరి ఎలుక గుర్రాన్ని ఎందుకు తరమడం లేదు అని ఆయన ‘లున్‌హెంగ్’లో అడిగాడు. అక్కడితో ఆగకుండా, లోహం కలపను గెలిచేటప్పుడు కోడి కుందేలును ఎందుకు పొడవడం లేదని కూడా అడిగాడు. దాదాపు రెండు వేల ఏళ్ల క్రితం చైనావాడే నవ్వి పక్కన పడేసిన లెక్కను, ఆ లెక్క ప్రకారం కూడా తలకిందులుగా ఉన్న రూపంలో, రిటైరైన బ్యాంకు మేనేజర్లు నాకు శుభోదయంతో కలిపి పంపుతున్నారు.

ఇప్పటిదాకా చెప్పినవి నవ్వుకుని వదిలేయదగినవి. ఆడపిల్లల గురించిన వాక్యం అలాంటిది కాదు.

మొట్టమొదట, అది చైనా మాట కాదు. అగ్ని అశ్వ సంవత్సరంలో పుట్టిన స్త్రీ భర్త ఆయుష్షును తినేస్తుందన్న భయం పాదుకున్నది జపానులో, అక్కడ దాన్ని హినోఎ-ఉమా అంటారు. దానికి ఊపిరి పోసిన కథ ఒక కూరగాయల వర్తకుడి కూతురిది. ఎదోలో, అంటే నేటి టోక్యోలో, ఓషిచి అనే ఆ పిల్ల మనసుపడిన కుర్రవాడిని మళ్లీ చూడాలన్న ఆశతో ఊరికి నిప్పు పెట్టబోయిందన్న నేరం మీద, 1683లో ఆమెను సజీవదహనం చేశారు. తరువాత రంగస్థలం ఆ కథను అందుకుంది. ఆమె 1666 నాటి అగ్ని అశ్వంలో పుట్టిందన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ఆమె నిజంగా ఆ ఏడాదే పుట్టిందనడానికి గట్టి ఆధారం లేదు, పుట్టగానే ఒకటని లెక్కపెట్టే నాటి జపాను పద్ధతిలో చనిపోయేనాటికి ఆమెకు పదహారని చెప్పే కథనంతో ఆ లెక్క కుదరదు కూడా. పదహారేళ్ల పిల్లను కాల్చి చంపినవారి గురించి ఏ ఏడాదికీ దోషం అంటలేదు గానీ, కాలిపోయిన పిల్ల పేరు మీద మూడు వందల ఏళ్లుగా ఆడపిల్లలకు దోషం అంటుకుంది.

1906లో మళ్లీ ఆ ఏడాది వచ్చినప్పుడు చాలామంది తల్లిదండ్రులు తమ ఆడపిల్లల పుట్టిన తేదీని ముందు ఏడాదికో తరువాతి ఏడాదికో జరిపి నమోదు చేయించారు. 1966 నాటికి జపానులో బుల్లెట్ రైలు నడుస్తోంది, టోక్యోలో ఒలింపిక్స్ జరిగి రెండేళ్లయింది. అయినా 1965లో 18,23,697గా ఉన్న జననాలు 1966లో 13,60,974కు పడిపోయి, మరుసటి ఏడాది 19 లక్షలు దాటాయి. ఒక్క ఏడాదిలో 4,62,000 మందికి పైగా తగ్గారు. కడుపులో ఉన్నది ఆడో మగో తెలిసే వీలు అప్పట్లో లేదు కాబట్టి, ఆడపిల్ల పుడుతుందేమోనన్న అనుమానంతో కాన్పునే వద్దనుకున్నారు. జపాను జనన పట్టికను గీతగా గీస్తే, 1966 దగ్గర కత్తితో కోసినట్టు ఒక గంటు కనిపిస్తుంది. ఈ సందేశాన్ని చేరవేసేవారు ఆ గంటును ఒక్కసారి చూస్తే బాగుండును.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. జంతు సంవత్సరాలకు ప్రభావం లేదని నేను అనలేను, ఆ గంటు ప్రభావమే కదా. చైనాలో 2023లో 90.2 లక్షలుగా ఉన్న జననాలు డ్రాగన్ సంవత్సరమైన 2024లో 95.4 లక్షలకు పెరిగాయి. అంతకు ముందు ఏడాది పెళ్లిళ్లు పెరగడం ఒక కారణమైతే, డ్రాగన్ బిడ్డ మీద మోజు ఇంకొక కారణం. గుర్రం ఏమీ చేయదు, డ్రాగన్ అసలు లేనే లేదు, అయినా వాటి పేరు చెప్పి మనుషులు లక్షల లెక్కన పనులు చేస్తారు. సందేశంలోని జోస్యం ఆ విధంగా నిజమయ్యే అవకాశం ఉంది: ఈ ఏడాది పుట్టిన అమ్మాయికి ఇరవై ఐదేళ్ల తరువాత సంబంధం తప్పిపోతే, తప్పించేది ఈ సందేశాన్ని దాచుకున్న కాబోయే అత్తగారే.

మనకు ఇలాంటివి కొరతా? మూల నక్షత్రమైతే మామగారికి, ఆశ్లేష అయితే అత్తగారికి, జ్యేష్ఠ అయితే బావగారికి, విశాఖ అయితే మరిదికి గండమని చెప్పి ఎందరు పిల్లల జాతకాలు మార్చి రాయించామో, ఎన్ని సంబంధాలు వెనక్కి పంపామో ప్రతి కుటుంబానికీ తెలుసు. అత్తింటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క నక్షత్రం పంచిపెట్టిన ఈ ఏర్పాటు సరిపోలేదని, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇప్పుడు జపాను నుంచి గుర్రాన్ని కూడా దిగుమతి చేసుకుంటున్నాం. గర్భంలోని శిశువు ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం చేసుకోవలసి వచ్చిన దేశంలో, ‘ఈ ఏడాది ఆడపిల్ల వద్దు’ అన్న మాటను దండం పెడుతున్న చేతుల బొమ్మతో పంపడం అమాయకత్వం అనిపించుకోదు.

వాయిదా సలహా సంగతి కూడా చూద్దాం. వచ్చే ఏడాది, అంటే 2027, మేక సంవత్సరం. పది మేకల్లో తొమ్మిదింటికి బతుకు నిండుగా ఉండదన్న అర్థం వచ్చే సామెత చైనాలో ఉంది, ఆ ఏడాది పిల్లలు వద్దనుకునేవారు, ముఖ్యంగా ఆడపిల్లకు భయపడేవారు, అక్కడ ఉన్నారు. గుర్రాన్ని తప్పించుకుని మేక కొమ్ముల మీద పడమని చెప్పిన ఈ మహానుభావుడికి తాను నమ్మిన శాస్త్రంలో పక్క పేజీ కూడా తెలియదు.

ఇక, భర్తకు గండమన్నదానికి ఒక్క ఉదాహరణతో సరిపెడతాను. జపాను యువరాణి కికో పుట్టింది 1966 సెప్టెంబరు 11న, నికార్సైన అగ్ని అశ్వం. 1990లో ఆమెను చక్రవర్తి కుటుంబమే కోడలిగా తెచ్చుకుంది. భర్త ఫుమిహితో నిరుడు అరవై ఏళ్లు పూర్తి చేసుకున్నారు, ఇప్పుడు ఆయనే యువరాజు. నలభై ఏళ్లకు పైగా మగపిల్లవాడు పుట్టని ఆ వంశంలో 2006లో హిసహితోను కన్నదీ ఆమే. అరిష్టమంటే ఇదే అయితే, అలాంటిది నాలుగిళ్లకు పట్టినా పరవాలేదు.

జపానులో 1989లో సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.57కు చేరి 1966 నాటి 1.58 కంటే తగ్గినప్పుడు దేశం ఉలిక్కిపడింది. 2024లో అది 1.15. గుర్రంతో పనిలేకుండానే గంటు గీత పొడవునా పాకిపోయింది. ఆ దేశంలో ఇప్పుడు ఏ ఏడాది ఏ బిడ్డ పుట్టినా పండగే.

అదృష్ట సంఖ్యలు, రంగు, తొమ్మిది మందికి పంపడం: వీటికి జవాబు లేదు.

జంతువుల లెక్కలో నాకు నచ్చేది ఒకటుంది. చైనాలో పెద్దవారిని వయసు అడగకుండా ఏ జంతువని అడిగితే చాలు, మొహం చూసి పన్నెండేళ్ల చుట్లు వేసుకుని వయసు కట్టేయవచ్చు. మా నాయనమ్మ మా చిన్నాన్న వయసు చెప్పాలంటే ‘దివిసీమ ఉప్పెన నాటికి ఎడ్లు తోలుతున్నాడు’ అని మొదలుపెట్టేది. ఉప్పెన 1977లో అని తెలిసినా, ఎడ్లు తోలే వయసు ఎంతో ఎవరికీ తేలేది కాదు. అరవై పేర్లు గుర్తు పెట్టుకోలేక మనం వదిలేసినచోట, వారు పన్నెండు జంతువులతో పని జరుపుకున్నారు. ఆ మాటకు వస్తే ఇది రాయడానికి కూర్చునే ముందు నేనేమిటో నేనూ చూసుకున్నాను. ఎలుకనట.

అమ్మాయికి ఫోన్ చేసి కికో సంగతి చెప్పాను. కాసేపు నవ్వి, తరువాత గొంతు తగ్గించి, సీమంతం నాడు గాజులు తొడుగుతూ ఒక పెద్దావిడ ‘ఈ ఒక్కసారికి మగపిల్లాడైతే చాలమ్మా’ అన్నదని చెప్పింది. ఆ పెద్దావిడ ఫోను నుంచే ఈ సందేశం నాకు రెండుసార్లు వచ్చింది.

మిగిలింది దక్షిణపు గోడ. మా హాలులో ఆ గోడకు ఇప్పటికే ఏడు గుర్రాల పటం ఉంది, గృహప్రవేశానికి ఎవరో ఇచ్చారు. ఈ వ్యాసం రాశాక దాన్ని తీసేయడమే న్యాయం గానీ, దాని వెనుక బారెడు చెమ్మ మరక ఉంది.