సవరణ: వృద్ధులను ఆసుపత్రిపాలు చేస్తున్న మందులు ఏవి?

అమెరికాలో మందుల దుష్ప్రభావాలతో వృద్ధులు అత్యవసరంగా ఆసుపత్రుల్లో చేరడానికి నిద్రమాత్రల వంటి, ఆ వయసుకు తగని మందులే ప్రధాన కారణమని గత వ్యాసంలో రాశాను. అది తప్పు. 2007 నుంచి 2009 వరకు అక్కడి ఆసుపత్రుల అత్యవసర విభాగాల సమాచారాన్ని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం, 65 ఏళ్లు, ఆపైబడినవారిలో ఏటా ఇటువంటి చేరికలు సుమారు 99,600 ఉంటాయని అంచనా వేసింది. వాటిలో మూడింట రెండు వంతులకు కారణం నాలుగు రకాల మందులే: వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు), ఇన్సులిన్, రక్తఫలకికలు (ప్లేట్‌లెట్లు) గుమిగూడకుండా ఆపే మాత్రలు, మధుమేహం మాత్రలు. ఒక్క వార్ఫరిన్ వాటాయే మూడో వంతు. వృద్ధులకు అధిక ప్రమాదకరమని అప్పటి ప్రమాణాలు పేర్కొన్న మందుల వాటా 1.2 శాతమే.

ఈ తేడా చిన్నది కాదు, ఎందుకంటే ఆ నాలుగూ చాలామందికి తప్పనిసరి మందులు. మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ కావడమే వాటితో చిక్కు. ఇన్సులిన్ తీసుకుని భోజనం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వార్ఫరిన్ వాడేవారికి కొన్ని యాంటీబయాటిక్‌లు తోడైతే రక్తస్రావం జరగవచ్చు, కాబట్టి వారికి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే) పరీక్ష క్రమం తప్పకుండా జరగాలి. వయసుతో మూత్రపిండాలు మందగించినప్పుడు, ఏళ్లుగా సరిపోయిన మధుమేహం మాత్ర మోతాదే ఎక్కువైపోవచ్చు. ఆ చేరికల్లో దాదాపు సగం 80 ఏళ్లు, ఆపైబడినవారివే.

అందువల్ల "అనవసరమనిపించిన మాత్రలు మానేయండి" అని గత వ్యాసంలో నేనిచ్చిన సలహాను పూర్తిగా ఉపసంహరించుకుంటున్నాను. దాన్ని చదివి మీ ఇంట్లో పెద్దలెవరైనా మందు ఆపివేసి ఉంటే, దయచేసి ఈరోజే వారి వైద్యుణ్ణి సంప్రదించండి.