యూనివర్సిటీ మారాలంటే కమ్యూనిటీ కాలేజీ మీదుగా

కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగు పిల్లవాడు ఇండియానాలోనో అరిజోనాలోనో పెద్ద పేరున్న యూనివర్సిటీలో చేరి, ఏడాది తిరిగేసరికి ఇంటికి ఫోన్ చేసి "ఇక్కడ నావల్ల కావట్లేదు" అంటాడు. కోర్సు నచ్చకపోవచ్చు. వేరే రాష్ట్రం వాళ్లకు వేసే ఫీజు ఇంటికి మోయలేని బరువై ఉండొచ్చు. ఒంటరితనంతో మనసు కుంగి ఉండొచ్చు. తల్లిదండ్రులకు వెంటనే తోచేవి రెండే దారులు. ఎలాగోలా నాలుగేళ్లూ అక్కడే లాక్కురావడం ఒకటి, అక్కడి నుంచే నేరుగా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, అంటే యూసీకి, ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టడం రెండోది. ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో, అంటే డిగ్రీ మొదటి రెండేళ్ల స్థాయి కోర్సులు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీలో, ఏడాది, ఏడాదిన్నర చదివి యూసీకి వెళ్లే మూడో దారి చాలా ఇళ్లలో చర్చకే రాదు. వచ్చినా "అంత మంచి సీటు వదిలేసి కమ్యూనిటీ కాలేజీనా?" అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. కాలిఫోర్నియా వరకు ఆ మూడో దారే చాలామందికి మిగతా రెండిటికన్నా మేలు. కాకపోతే దాని నిబంధనలు ముందుగా తెలుసుకుని దిగాలి.

ఈ దారి వేసింది కాలిఫోర్నియా ఉన్నత విద్యకు 1960లో వేసిన మాస్టర్ ప్లాన్. క్లార్క్ కెర్ యూసీ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో ఉన్నత విద్యను మూడంచెలుగా విడదీశారు. హైస్కూల్ పట్టభద్రుల్లో పై ఎనిమిదో వంతుకు యూసీ, పై మూడో వంతుకు స్టేట్ యూనివర్సిటీలు, మిగతా అందరికీ తలుపులు తెరిచి ఉంచే కమ్యూనిటీ కాలేజీలు. కింది అంచెలో రెండేళ్లు బాగా చదివినవాళ్లు మూడో ఏడాదిలో పై అంచెకు వెళ్లగలగాలన్నది ఆ ఏర్పాటులో కీలకం. అందుకే యూసీ ట్రాన్స్‌ఫర్ సీట్లలో మొదటి ప్రాధాన్యం నేటికీ రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులదే. యూసీలోనే మెర్సెడ్ క్యాంపస్‌లో చదువుతూ బర్క్‌లీ క్యాంపస్‌కు మారాలనుకునేవాళ్లు కూడా వాళ్ల తర్వాతే. ఇక బయటి రాష్ట్రం నుంచి నేరుగా దరఖాస్తు పెట్టేవాళ్ల స్థానం ఇంకా వెనక. యూసీలో కొత్తగా చేరే ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల్లో 90 శాతానికి పైగా ఈ కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చినవాళ్లే.

మన పిల్లవాడికి పనికొచ్చే నిబంధన ఇక్కడే ఉంది. ముందు వేరే యూనివర్సిటీలో చదివినా సరే, చివరగా చదివింది కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ అయి, అక్కడ యూసీ ఒప్పుకునే కోర్సుల్లో కనీసం 30 సెమిస్టర్ యూనిట్లు (యూనిట్ అంటే కోర్సు బరువును కొలిచే క్రెడిట్) పూర్తి చేస్తే, యూసీ అతన్ని కమ్యూనిటీ కాలేజీ విద్యార్థిగానే లెక్కిస్తుంది. నేరుగా దరఖాస్తు పెడితే వరస చివర నిలబడాల్సినవాడు ఏడాది చదువుతో ముందుకొస్తాడు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లైతే, పెట్టిన షరతులన్నీ నెరవేర్చినవాళ్లకు ముందే సీటు హామీ ఇస్తాయి. ట్యాగ్ అని పిలిచే ఆ హామీకి సెప్టెంబరులోనే దరఖాస్తు చేయాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఈ హామీ ఇవ్వవు.

ఖర్చు సంగతికొస్తే, రాష్ట్ర నివాసులకు కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కు 46 డాలర్లు. 30 యూనిట్లకు 1,380. బయటి రాష్ట్రం యూనివర్సిటీలో ఒక నెల హాస్టల్, భోజనాలకే ఇంతకన్నా ఎక్కువ కావచ్చు.

అయితే ఈ దారిలో కాలు జారే చోట్లూ ఉన్నాయి. మొదటిది, పాత మార్కులు చెరిగిపోతాయన్న భ్రమ. చదివిన ప్రతి కాలేజీ వివరం దరఖాస్తులో రాయాల్సిందే. మొదటి యూనివర్సిటీలో తెచ్చుకున్న గ్రేడ్లు కూడా జీపీఏలో కలుస్తాయి. పరువు కోసం ఆ సెమిస్టర్‌ను దాచిపెడితే, వచ్చిన సీటు కూడా రద్దు కావచ్చు. రెండోది యూనిట్ల లెక్క. కమ్యూనిటీ కాలేజీ స్థాయి కోర్సులు ఎన్ని చేసినా యూసీ 70 యూనిట్ల దగ్గర ఆపి లెక్కిస్తుంది కాబట్టి వాటితో చిక్కు లేదు. యూనివర్సిటీలో మూడో ఏడాది స్థాయి కోర్సులు కూడా చేసి, మొత్తం బాగా పెరిగితే మాత్రం "నువ్వు దాదాపు డిగ్రీ చివరికొచ్చావు" అంటూ కొన్ని క్యాంపస్‌లు తీసుకోవు. మారాలన్న ఆలోచన ఉన్నప్పుడు ఆలస్యం చేసేకొద్దీ తలుపు మూసుకుపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మంది చిక్కుకునేది కోర్సుల సరిపోలికలో. ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ యూసీ కోర్సుకు సమానమో అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ చూపిస్తుంది. క్యూపర్టినోలోని డి ఆంజా కాలేజీ, సెమిస్టర్ కన్నా చిన్న టర్ములుండే క్వార్టర్ పద్ధతిలో నడుస్తుంది కాబట్టి క్యాలిక్యులస్ అక్కడ నాలుగు భాగాలు. ఫ్రీమాంట్‌లోని ఓలోనీది సెమిస్టర్ పద్ధతి, అక్కడ మూడు భాగాలు. సగం ఇక్కడ, సగం అక్కడ చదివితే మధ్యలో ఒక అధ్యాయం ఎక్కడా పూర్తికాకుండా మిగిలిపోవచ్చు. ఇక ఇండియానాలో చేసిన క్యాలిక్యులస్‌కైతే అసిస్ట్‌లో చోటే లేదు. అది కాలిఫోర్నియా ప్రభుత్వ కాలేజీల మధ్య ఒప్పందాల పట్టిక మాత్రమే. బయటి కోర్సును విడిగా పరిశీలించి తేల్చాలి. ఆ తేల్చడం ఒక్కోసారి సీటు వచ్చాకగానీ జరగదు. ఇది విద్యార్థి తప్పు కాదు, వ్యవస్థ లోపం.

ఆ లోపం ఎంత లోతైందో రాష్ట్ర ఆడిటర్ 2024 నివేదిక చెబుతోంది. ట్రాన్స్‌ఫర్ అవ్వాలన్న ఉద్దేశంతో 2017-2019 మధ్య కమ్యూనిటీ కాలేజీలో అడుగుపెట్టినవాళ్లలో నాలుగేళ్ల లోపు ఆ పని చేయగలిగింది ప్రతి అయిదుగురిలో సుమారు ఒక్కరే. ఈ అంకె చూపి "చూశారా, అక్కడికి వెళ్తే అంతే" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మిగతా నలుగురిలో పగలు ఉద్యోగం, రాత్రి క్లాసుతో నెట్టుకొచ్చేవాళ్లు, కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ దొరక్క అక్కర్లేని కోర్సులు చేసి అలసిపోయినవాళ్లు ఎందరో ఉంటారు. ఇంట్లో తిండికీ నీడకూ లోటు లేని, పూర్తి సమయం చదవగల విద్యార్థి పరిస్థితి వేరు. అతనికి కావలసింది సరైన కోర్సుల పట్టిక, ఇంట్లోవాళ్ల అండ.

ఆ అండ దగ్గరే మనవాళ్లు వెనకాడుతున్నారు. ఫంక్షన్లో ఎవరో "మీవాడు ఎక్కడ చదువుతున్నాడండీ?" అంటే సమాధానం చెప్పలేమన్న భయం. ఆంధ్ర, తెలంగాణల్లో పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లను చూసినవాళ్లం మనం. వాళ్లు ఇంజినీర్లు కాలేదా? మానవ జీనోమ్ పరిశోధనలో పేరు మోసిన క్రెయిగ్ వెంటర్ కాలేజ్ ఆఫ్ శాన్ మటేయో అనే కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ శాన్ డియేగోకు వెళ్లినవాడే. డిగ్రీ పట్టా ఇచ్చేది చివరి యూనివర్సిటీ. దాని మీద కమ్యూనిటీ కాలేజీ పేరు కూడా ఉండదు.

ఈ దారి అందరికీ సరిపడదు. కంప్యూటర్ సైన్స్ కోసమే మారేవాళ్లకు పోటీ తీవ్రం. హామీ ఇచ్చే క్యాంపస్‌లలో కూడా కొన్ని ఆ కోర్సును మినహాయించాయి. హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల హెచ్-1బీ ఉద్యోగ వీసాపై ఆధారపడే వీసా మీద, ఉన్న పిల్లలైతే ఇంకా జాగ్రత్తగా లెక్క వేసుకోవాలి. 21 నిండితే ఆ హోదా పోతుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకు మారితే స్థానికుల ఫీజు చేజారి, యూసీలో ఏడాదికి ట్యూషనే 50 వేల డాలర్లు దాటుతుంది. పందొమ్మిదేళ్ల పిల్ల ఏడాది ఆలస్యం చేయడానికీ, ఇరవై దాటిన పిల్ల ఆలస్యం చేయడానికీ తేడా అక్కడ ఉంది. వీసా లాయర్‌తో మాట్లాడకుండా ఆ ఇంట్లో నిర్ణయం తీసుకోకూడదు.

మిగతావాళ్లు చేయాల్సిన పని చిన్నదే. పాత యూనివర్సిటీలో చదివిన ప్రతి కోర్సు సిలబస్‌ను అక్కడి లాగిన్ పోకముందే దాచుకోవాలి. కొత్త కాలేజీలో ఫీజు కట్టకముందే ఆ కాగితాలు పట్టుకుని ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్ దగ్గర కూర్చోవాలి. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుంటే ఇంకా మంచిది.