టీచర్ల త్యాగం సరే, వాళ్ల పాఠం సంగతేంటి?

ఏటా అక్టోబర్ 5న ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం వస్తుంది. 1994 నుంచి జరుగుతోంది. ఆ రోజు ఫోన్ తెరిస్తే అన్నీ ఒకే రకం కథలు. ఒక మాస్టారు నది దాటి బడికి వెళ్తారు, ఒక టీచర్ సొంత జీతంతో పుస్తకాలు కొనిపెడతారు. చదివి కళ్లు చెమర్చి షేర్ చేస్తాం. వాళ్లంటే నాకు గౌరవం లేక కాదు. కానీ ఆ కథల్లో ఎక్కడా పాఠం కనిపించదు, అదే నా బాధ. నది దాటి బడికి చేరాక ఆయన భిన్నాలు ఎలా చెప్పారో ఎవరూ అడగరు. డాక్టర్‌ని మెచ్చుకునేటప్పుడు ఆయన చేసిన ఆపరేషన్ గురించి మాట్లాడతాం. టీచర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఓపిక, ప్రేమ, త్యాగం అంటాం తప్ప పని ఊసే ఎత్తం.

భిన్నాలనే తీసుకోండి. 1/3 పెద్దదా, 1/4 పెద్దదా అంటే చాలామంది పిల్లలు 1/4 అనేస్తారు, మూడు కంటే నాలుగు పెద్దది కదా అని. సూత్రం బోర్డు మీద రాసి బట్టీ పట్టించొచ్చు, పది నిమిషాల పని. కొందరు టీచర్లు అలా చేయరు. ఒకే పొడవున్న రెండు కాగితం ముక్కలిచ్చి ఒకదాన్ని మూడు సమభాగాలుగా, ఇంకోదాన్ని నాలుగుగా మడిచి పక్కపక్కన పెట్టి చూడమంటారు. ఆ తర్వాత జవాబు చెప్పకుండా ఊరుకుంటారు. పిల్లలు వాదించుకుంటారు, తప్పు చెప్తారు, మళ్లీ మడుస్తారు. జవాబు తెలిసి కూడా చెప్పకుండా ఆగడం, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో కనిపెట్టి సరిగ్గా ఒక్క ప్రశ్న వేయడం, ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. వరండాలోంచి వెళ్లేవాళ్లకి మాత్రం అది గోల. "ఏంటండీ మీ క్లాసులో ఆ అల్లరి? సిలబస్ ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతారు.

పోనీ పిల్లల్నే అడుగుదామంటే అదీ సరిపోదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. ఒకే పాఠాన్ని కొందరికి చక్కటి లెక్చర్‌గా చెప్పారు, కొందరిచేత గుంపులుగా కూర్చోబెట్టి లెక్కలు చేయించారు. టెస్టులో రెండో గుంపుకే మెరుగైన మార్కులు. కానీ మాకు బాగా వచ్చిందనుకున్నది మాత్రం లెక్చర్ విన్నవాళ్లు! బుర్ర పెట్టి కష్టపడుతుంటే ఏమీ రావట్లేదేమో అనిపిస్తుంది మరి. కాలేజీల్లో సైన్స్, ఇంజనీరింగ్, లెక్కల క్లాసుల మీద 225 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణలో, ఉత్త లెక్చర్ క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఎక్కువని తేలింది. అయినా ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో నెగ్గేది సాఫీగా మాట్లాడేవాళ్లే.

అవార్డులు వద్దని నేను అనను. 2015లో తొలిసారి ఇచ్చిన గ్లోబల్ టీచర్ ప్రైజ్‌ని 2016లో పాలస్తీనాకి చెందిన హనాన్ అల్ హ్రూబ్ గెలిచారు. హింస చూసి బెదిరిన పిల్లలకి ఆటల ద్వారా చదువు చెప్పే పద్ధతికి వచ్చిన గుర్తింపు అది. 2020లో మహారాష్ట్రలోని జిల్లా పరిషత్ బడి టీచర్ రంజిత్‌సింహ్ డిసలే గెలిచారు. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు పెట్టి, పిల్లలకి తమ భాషలో పాఠాలు అందేలా చేశారాయన. పది లక్షల డాలర్ల బహుమతిలో సగం, తనతో పాటు ఫైనల్‌కి వచ్చిన మిగతా తొమ్మిదిమందికీ పంచేశారు. మెచ్చుకున్నది పద్ధతిని కాబట్టి ఇంకో టీచర్ దాన్ని చూసి నేర్చుకోవచ్చు. త్యాగాన్ని చూసి దండం పెడతాం, అంతే.

చాలాచోట్ల అవార్డుకి టీచరే దరఖాస్తు పెట్టుకోవాలి, ఫోటోలు, వీడియోలు, ఫైళ్లు జతచేయాలి. క్లాసులో మునిగిపోయిన మనిషికి అంత తీరిక ఎక్కడిది? పైగా ఫోటోకి అందంగా పడేవన్నీ సృజనాత్మకత కాదు. వేషం వేసుకుని పాట పాడి పాఠం చెప్తే వీడియో వైరల్ అవుతుంది, సంతోషమే. అప్పుడు ఆలోచిస్తున్నది ఎవరు, పిల్లలా టీచరా? నాకు అదొక్కటే కొలత.

జపాన్‌లో వందేళ్లకు పైగా ఒక అలవాటు ఉంది. ఒకరు పాఠం చెప్తుంటే తోటి టీచర్లు వచ్చి క్లాసులోనే నిలబడి పిల్లలు ఏం చేస్తున్నారో రాసుకుంటారు. తర్వాత అందరూ కూర్చుని ఆ పాఠం గురించి చర్చిస్తారు. నా దృష్టిలో ఏ మెడల్ కంటే అదే గొప్ప గౌరవం. ప్రధానోపాధ్యాయులు అలా చూసేందుకు నెలకో పీరియడ్ ఖాళీ చేయించలేరా? బాగా చెప్పేవాళ్ల నెత్తిన ఇంకో రిజిస్టర్ పని పెట్టకుండా ఉండలేరా?

తల్లిదండ్రులకీ ఒక మాట. "మీరు చాలా మంచి టీచర్" అని రాయకండి. "మీరు నీడ కొలిపించి చెట్టు ఎత్తు కనుక్కోమన్నాక, మా వాడు కనిపించిన ప్రతి స్తంభం నీడా కొలుస్తున్నాడు" అని రాయండి. ఆ ఉత్తరం ఒక కాపీ ప్రధానోపాధ్యాయులకి కూడా పంపండి. రేపు ఆ క్లాసులో గోల ఎక్కువైందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఆ టీచర్ తరఫున చూపించడానికి ఆ కాగితం ఉంటుంది.