తాళం వేసి చదవమంటారా?

ఒక పెద్ద ఆసుపత్రి యాజమాన్యం తన నర్సులకు పంపిన సర్క్యులర్ మా డెస్క్‌కు చేరింది. ఒకటే పేజీ, రెండే పేరాలు. రోగి సంరక్షణ తాజా శాస్త్రీయ ఆధారాల ప్రకారమే జరగాలి, పాత పద్ధతులు పట్టుకు వేలాడేవారిపై క్రమశిక్షణ చర్యలు తప్పవు అంటుంది మొదటి పేరా. వాడకం తక్కువగా ఉన్నందున ఈ-లైబ్రరీలో నర్సింగ్ సిబ్బంది లాగిన్లను వచ్చే నెల నుంచి రద్దు చేస్తున్నాం అంటుంది రెండోది. కింద ఒకే సంతకం. ఆ రెండు పేరాలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని టైప్ చేసినవారికీ తట్టలేదు, సంతకం పెట్టినవారికీ తట్టలేదు. తట్టి కూడా పంపారంటే మరీ ఘోరం.

ఆసుపత్రి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే మిగతా ఆసుపత్రులు ఇదేదో పక్కింటి గొడవ అనుకుని ఊపిరి పీల్చుకుంటాయి. అలా పీల్చుకునే అర్హత వాటిలో ఎన్నింటికి ఉందో వాటికే తెలుసు.

ఈ-లైబ్రరీలోని వైద్య పత్రికల చందాలు ఖరీదైనవి, ఎవరూ తెరవని లాగిన్‌కు డబ్బు కట్టడం దండగ అన్నది యాజమాన్యాల మాట. ఖరీదైనవన్నది నిజమే. మరి ఎందుకు తెరవడం లేదని ఒక్కరైనా వార్డుకు వెళ్లి అడిగారా? ఈ-లైబ్రరీ కంప్యూటర్లున్న లైబ్రరీ గదిని ఉదయం తెరిచి సాయంత్రం మూసేస్తారు. నర్సులు మూడు షిఫ్టుల్లో పనిచేస్తారు. మార్నింగ్ డ్యూటీ చేసినామె హ్యాండోవర్ ఇచ్చి, చార్టులు పూర్తి చేసి బయటపడేసరికి ఆమె ఒళ్లు ఆమె మాట వినదు. నైట్ డ్యూటీ ఆమెకు లైబ్రరీ తలుపు తెరిచి ఉండగా కనిపించేది నిద్ర మానుకుంటేనే. వార్డులో ఉన్న ఒక్క కంప్యూటరూ ఎంట్రీలకే చాలదు, పైగా అందులో బయటి సైట్లు ఏవీ తెరుచుకోవు. ఇన్ని తలుపులు బిగించి, లోపలికి ఎవరూ రావడం లేదని లెక్క తీశారు.

రాత్రి రెండు గంటలు అనుకోండి. ఫిట్స్‌తో వచ్చిన రోగికి ఫెనిటాయిన్ ఎక్కించాలి. రెండు బెడ్ల అవతల ఫంగస్ ఇన్‌ఫెక్షన్ ఉన్న రోగికి ఆంఫోటెరిసిన్-బి. మొదటిది సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ద్రవంలో పడితే మందు విడిపోయి అడుగున చేరుతుంది. రెండోది సరిగ్గా తలకిందులు, దానికి డెక్స్‌ట్రోజే కావాలి, సెలైన్ తగిలితే పాడైపోతుంది. ఆ ఘడియలో సిస్టర్‌కు అందుబాటులో ఉన్న గ్రంథాలయం ఏమిటో తెలుసా? మందుల బీరువా తలుపు లోపలి వైపు సెల్లోటేపుతో అంటించిన ఒక జిరాక్స్ కాగితం. అంచులు పసుపెక్కాయి. రెండు చోట్ల అంకె కొట్టేసి బాల్‌పెన్‌తో ఇంకో అంకె వేశారు. ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో, ఏం చూసి వేశారో అడిగితే చెప్పేవారు లేరు. అనుమానం వచ్చి ఆమె ఫోన్ తీసి చూస్తే, బెడ్ పక్కన కూర్చున్న బంధువు ‘సిస్టర్ ఫోన్ చూసుకుంటోంది’ అని వీడియో తీస్తాడు. తెల్లారేసరికి మెమో. అదే పని డ్యూటీ డాక్టర్ చేస్తే మందు వివరాలు రిఫర్ చేస్తున్నారంటారు. నర్సు చేస్తే టైంపాస్.

ఫోన్ ముట్టుకోకూడదు, కంప్యూటర్‌లో సైట్ తెరుచుకోదు, లాగిన్ తీసేస్తున్నారు. కొత్త విషయాలు మాత్రం తెలిసి ఉండాలి. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తున్నాయి, అదీ మా అభ్యంతరం.

తెలియకపోతే ఏమవుతుంది అనేవారికి ఒకటి రెండు ముచ్చట్లు. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు సరైన చోట ఉందో లేదో చూడటానికి సిరింజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి ‘బుస్’ శబ్దం వినడం తరతరాలుగా నేర్పిన పద్ధతి. ట్యూబు ఊపిరితిత్తుల వైపు వెళ్లినా ఆ శబ్దం వినిపించవచ్చు. అందుకే ఆ పరీక్షను నమ్మొద్దని, లోపలి ద్రవం తీసి దాని పీహెచ్ (ఆమ్లత్వం) చూడాలని, తేలకపోతే ఎక్స్‌రే తీయాలని బ్రిటన్‌లో రోగి భద్రతా సంస్థ 2005లోనే హెచ్చరిక ఇచ్చింది. నేటికీ వార్డుల్లో గాలి కొడుతూనే ఉన్నారు. మంచం పట్టిన రోగి నడుం కింద చర్మం ఎర్రబడితే అక్కడ స్పిరిట్ రాసి గట్టిగా మర్దన చేయడం మరో పాత పాఠం. అప్పటికే దెబ్బతిన్న కణజాలాన్ని ఆ మర్దన ఇంకా చితకగొడుతుంది కాబట్టి చేయొద్దని పుండ్ల నివారణ మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. చెప్పిన మాట ఎక్కడుంది? వార్డు దాకా రాలేదు.

మూడోది మరీ మనసు చివుక్కుమనిపించేది. సెలైన్, మందులు ఎక్కించడానికి చేతికి పెట్టిన కాన్యులాను బాగున్నా సరే మూడో రోజుకల్లా తీసి కొత్తది గుచ్చాలన్నది చాలా ఆసుపత్రుల రూలు. ఆస్ట్రేలియాలో నర్సింగ్ ప్రొఫెసర్ క్లేర్ రికార్డ్ బృందం మూడు వేల మందికి పైగా రోగులను రెండు వర్గాలు చేసి పరిశీలించింది. రూలు ప్రకారం మార్చినవారిలోనూ, అవసరమైనప్పుడే మార్చినవారిలోనూ నరం వాచిపోవడం సమానంగా 7 శాతమే ఉందని 2012లో ప్రచురించింది. అంటే ఆ రూలు కోసం గుచ్చిన సూదుల్లో చాలా వరకు అనవసరం. ఈ పరిశోధన చేసింది నర్సు. రోజూ ఆ సూది గుచ్చేది నర్సు. దాన్ని చదవడానికి మాత్రం నర్సుకు లాగిన్ అక్కర్లేదట!

నర్సులు చదవరు అన్న మాట విన్నప్పుడల్లా మాకు ఆ రంగం చరిత్రే గుర్తొస్తుంది. 1940లలో అమెరికాలో ముగ్గురు మహిళలు నర్సింగ్ పత్రికల్లో ఏ వ్యాసం ఎక్కడుందో కార్డుల మీద రాసి పెట్టడం మొదలుపెట్టారు. అదే 1961లో అచ్చయింది, పెరిగి పెరిగి ఈనాటి ‘సినాల్’ డేటాబేస్ అయింది. నర్సులు చదువుకోవాలని చేత్తో రాసిన కార్డులు అవి. ఇప్పుడది చందా కడితే తప్ప తెరుచుకోదు. సంస్థ కట్టకపోతే వార్డు సిస్టర్ ఒక్కతీ ఎక్కడ కడుతుంది?

ఉచితంగా దొరికేవి బోలెడున్నాయి కదా అంటారు. ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఎవరైనా దించుకోవచ్చు. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి వ్యాసాలు ఉంటాయి. పరిశోధనలన్నీ పోల్చి తేల్చే కాక్రేన్ సమీక్షల సారాంశాలు మామూలు భాషలో ఉచితంగా దొరుకుతాయి. పేద దేశాల కోసం 2002లో మొదలైన హినారి పథకం ఉంది, కాకపోతే అందులో పేరు నమోదు చేసుకోవాల్సింది సంస్థే, నర్సు కాదు. సరే, ఇవన్నీ చూడటానికైనా డ్యూటీలో పావుగంట ఇస్తారా? వార్డు కంప్యూటర్‌లో ఆ సైట్లయినా తెరుస్తారా? ఇవ్వనివాళ్లు ఉచితం గురించి మాట్లాడటం నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడమే.

సంస్థ ఇవ్వని చోట ఇంకెవరో ఇస్తారని కూడా గుర్తుంచుకోవాలి. మందుల కంపెనీ రెప్ నున్నటి కాగితం మీద రంగుల బ్రోచర్ తెచ్చి నర్సుల స్టేషన్‌లో పెట్టి వెళ్తాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరు రాశారో తెలియని డోసు చార్టు తిరుగుతుంది. డబ్బు కడితే ఏదైనా అచ్చువేసే దొంగ జర్నళ్లు ‘మీ వ్యాసం పంపండి మేడమ్’ అని మెయిళ్ల మీద మెయిళ్లు కొడతాయి. మంచి పత్రిక ఎలా ఉంటుందో చూసే అవకాశమే లేని మనిషి దొంగ పత్రికను ఎలా పట్టుకుంటుంది?

ఇక చదువు గంటల తంతు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఇన్ని గంటల శిక్షణ చూపాలని చాలా దేశాల్లో నిబంధన ఉంది. ఉద్దేశం మంచిదే. జరుగుతున్నది ఏమిటి? వీక్లీ ఆఫ్ రోజున, సొంత ఖర్చుతో, నిద్ర కళ్లతో వచ్చి హాజరు పట్టీలో సంతకం పెట్టి వెనక వరుసలో కునుకు తీయడం. లేదంటే ఆన్‌లైన్‌లో స్లైడ్ మీద స్లైడ్ నొక్కుకుంటూ పోయి చివర సర్టిఫికెట్ ప్రింట్ తీసుకోవడం. ఫైల్లో సర్టిఫికెట్ ఉంటే నర్సుకు తెలిసినట్టే అని యాజమాన్యం రాసుకుంటుంది. రేపు ఏదైనా పొరపాటు జరిగితే విచారణ కమిటీ ముందు అదే కాగితం తీసి ‘నీకు నేర్పించాం కదా’ అంటుంది. బీరువా తలుపు మీది జిరాక్స్ గురించి మాత్రం ఆ కమిటీ అడగదు.

నైపుణ్యం కాపాడుకోవడం నర్సు బాధ్యతేనని అంతర్జాతీయ నర్సుల మండలి 1953 నాటి నుంచి తన నియమావళిలో చెబుతూనే ఉంది. యాజమాన్యాలకు ఈ ముక్క భలే ఇష్టం, ట్రైనింగ్ హాలు గోడల మీద ఫ్రేమ్ కట్టించి పెడతాయి. కానీ 2021లో సవరించిన నియమావళిలో నర్సింగ్ మేనేజర్లు ఏం చేయాలో కూడా విడిగా ఉంది. ఆ పేజీకి ఫ్రేమ్ కట్టించిన ఆసుపత్రి మాకు ఇంతవరకు కనిపించలేదు.

దీన్ని నర్సుల సంక్షేమం పద్దులో వేసి పక్కన పెట్టేవారికి ఇంకో మాట. తొమ్మిది ఐరోపా దేశాల్లో 300 ఆసుపత్రుల్లో నాలుగు లక్షల మందికి పైగా శస్త్రచికిత్స రోగుల రికార్డులను నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పరిశీలించి 2014లో ఫలితాలు వెల్లడించింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం ఎక్కువ ఉన్నచోట 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పడినప్పుడు ఆ అవకాశం 7 శాతం పెరిగింది. చదువే కారణమని ఆ లెక్క ఒక్కటే రుజువు చేయదు, నిజమే. కానీ చందా డబ్బు మిగిలిందని సంబరపడే అకౌంట్స్ విభాగం కనీసం ఆ అంకెల వైపు ఒకసారి చూడాలి.

ఈ సర్క్యులర్ ఇలాగే నిలిచిపోతే పక్క ఆసుపత్రి రేపు దీన్నే నమూనాగా పెట్టుకుంటుంది. తర్వాతి వంతు ఫిజియోథెరపిస్టులది, ఆ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్లది. ప్రతిసారీ మొదటి పేరాలో ఆధారాలూ, రెండో పేరాలో రద్దూ. నర్సుల దినోత్సవం మే 12న మాత్రం దీపాలు వెలిగించి, పూలు ఇచ్చి, ఫొటోలు దిగి, మీరే వైద్యానికి వెన్నెముక అని ప్రసంగాలు. వెన్నెముకకు మెదడుతో సంబంధం తెంచేస్తే ఏమవుతుందో ఆ వేదిక మీద కూర్చున్న డాక్టర్లకు మేం చెప్పాలా?

రెండో పేరాను వెంటనే వెనక్కి తీసుకోవాలి. వార్డు కంప్యూటర్‌లో మందుల రిఫరెన్స్ రాత్రింబవళ్లు తెరిచి ఉండాలి. చదివే సమయం డ్యూటీలోనే ఇవ్వాలి, ఆఫ్ రోజున కాదు. ఇవేవీ కుదరవంటే మొదటి పేరాను కూడా కొట్టేయండి, కనీసం సర్క్యులర్‌లో నిజాయతీ అయినా మిగులుతుంది. నర్సుల వాడకం తక్కువని లెక్క తీసిన అయ్యవార్లు అదే సిస్టమ్‌లో తమ పేరు మీదున్న లాగిన్ చివరిసారి ఎప్పుడు తెరిచారో కూడా చూసి, ఆ తేదీని నోటీసు బోర్డులో పెట్టాలి.