"సర్పంచ్ తినేశాడు" అని ఫార్వర్డ్ కొట్టే ముందు ఒక్కసారి లెక్క చూడండి

మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో మా బావ ఒక మెసేజ్ పెట్టాడు, సాయంత్రానికి అదే మెసేజ్ మా ఊరి గ్రూపులోనూ పదో తరగతి బ్యాచ్ గ్రూపులోనూ కనపడింది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: ప్రతి ఊరికీ ఏటా కేంద్రం నుంచి కోట్లు వస్తున్నాయి, అవి నేరుగా సర్పంచ్ ఖాతాలో పడతాయి, కాలువ కట్టలేదన్నా లైటు వెలగలేదన్నా సర్పంచ్ తినేసినట్టే, పన్ను కట్టనివాళ్ళకి ఎలాగూ అడిగే హక్కు లేదు, గ్రామసభ, ఆర్టీఐ (సమాచార హక్కు) లాంటివన్నీ కాగితాల మీదే, అడిగితే పగలు పెరగడం తప్ప ఒరిగేదేం లేదు, ఐదేళ్ళకోసారి ఓటుతో బుద్ధి చెప్పడం ఒక్కటే దారి.

బావ మంచి ఉద్దేశంతోనే పెట్టాడు, ఊరి మీద ప్రేమ ఉన్నవాడు. కానీ అందులో చాలా మాటలు తప్పు, ఆ తప్పు వల్ల అసలు జవాబు చెప్పాల్సిన వాళ్ళ మీదకి మన చూపే పోవట్లేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

ముందు ఆ కోట్ల సంగతి చూద్దాం. కేంద్రం డబ్బులో ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఐదేళ్ళకి దేశంలో ఉన్న గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ (పంచాయతీలు, మండల, జిల్లా పరిషత్‌లు) కలిపి 2,36,805 కోట్లు ఇమ్మని చెప్పింది. వినడానికి చాలా పెద్ద సంఖ్యే. ఐదుతో భాగించండి, ఏడాదికి 47 వేల కోట్ల చిల్లర. 2011 లెక్కల ప్రకారం పల్లెల్లో ఉన్న జనం 83 కోట్ల పైచిలుకు, అంటే మనిషికి ఏడాదికి సుమారు 570 రూపాయలు. 2,000 మంది ఉన్న ఊరంటే 11 లక్షల 40 వేలు అనుకోండి, అది కూడా మండల పరిషత్‌కీ జిల్లా పరిషత్‌కీ వాటా పోయాక పంచాయతీకి 70 శాతం వచ్చిందనుకుంటే 8 లక్షలు. ఇది సగటు మాత్రమే, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కానీ 2,000 మంది ఊరికి ఏటా కోట్లు అనేది ఏ లెక్కలోనూ రాదు. ఆ ఐదేళ్ళ రూల్స్ ప్రకారం ఆ 8 లక్షల్లో కూడా 60 శాతం టైడ్ గ్రాంటు, అంటే ఫలానా పనికే అని ముడిపెట్టిన డబ్బు, సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికీ వాన నీటి సంరక్షణకీ, వేరే దానికి వాడకూడదు. మిగిలిన 40 శాతం అన్‌టైడ్, దాంట్లోంచి జీతాలు ఇవ్వకూడదు. ఇక చేతిలో మిగిలేది 3 లక్షల 20 వేలు, దాంతోనే ఊళ్ళో సైడు కాలువలూ సీసీ రోడ్డు ముక్కలూ అన్నీ చూసుకోవాలి. ఊరి సొంత డబ్బులు వేరే ఉంటాయి, ఇంటి పన్ను, కుళాయి పన్ను, భూమి రిజిస్ట్రేషన్ అయినప్పుడు వచ్చే వాటా లాంటివి, కానీ చిన్న ఊళ్ళలో అవి కరెంటు బిల్లుకీ పారిశుధ్య కార్మికుల జీతాలకే చాలవు.

ఇక "నేరుగా సర్పంచ్ ఖాతాలో" అనేది. సర్పంచ్ ఖాతా అంటూ ఏదీ లేదు, ఉండేది పంచాయతీ ఖాతా, అందులోంచి డబ్బు బయటికి రావాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ కలిపి చెక్ పవర్ ఇచ్చింది, ఆర్థిక సంఘం డబ్బులైతే ఇప్పుడు ఇద్దరు డిజిటల్ సంతకాలు పెట్టాల్సిందే. అంతకన్నా ముఖ్యమైన విషయం, ఆ డబ్బు కేంద్రం నుంచి ముందు రాష్ట్ర ఖజానాకి వస్తుంది, 10 పనిదినాల్లో కిందికి పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో సహా ఇవ్వాలి అని రూలు. మీ గ్రూపులో ఎప్పుడైనా ఎవరైనా "రాష్ట్రానికి ఏ తేదీన వచ్చాయి, మన పంచాయతీకి ఏ తేదీన పడ్డాయి" అని అడిగారా? నేను చూడలేదు. ఆంధ్రాలో 2021, 2022 ఆ టైంలో పంచాయతీలకి వచ్చిన ఆర్థిక సంఘం డబ్బుల్ని తమకు చెప్పకుండానే కరెంటు బకాయిల కింద డిస్కంలకి (కరెంటు సరఫరా కంపెనీలకి) సర్దేశారని సర్పంచులే రోడ్డెక్కారు, వాళ్ళలో అన్ని పార్టీల వాళ్ళూ ఉన్నారు. తెలంగాణ చూడండి, 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగేదాకా సర్పంచులే లేరు, ప్రభుత్వం పెట్టిన స్పెషల్ ఆఫీసర్ల పాలనే నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటు రాదని రూలు కాబట్టి ఆ డబ్బూ ఆగింది. ఆ దాదాపు రెండేళ్ళు ఊళ్ళో లైటు వెలగకపోతే దాన్ని ఏ సర్పంచ్ మీద వేస్తాం? ఆంధ్రాలోనూ 2018 ఆగస్టు నుంచి 2021 ఎన్నికల దాకా ఇదే కథ. ఎన్నికలు టైంకి పెట్టకపోవడం కూడా ఊరి డబ్బు పోగొట్టడమే, దానికి ఏ ఒక్కరినీ మనం నిలదీయలేదు.

ఇంకొకటి చెప్పాలి. 2024కి ముందు ఆంధ్రాలో ఆగస్టు 15 జెండా పండగకి చిన్న పంచాయతీకి ప్రభుత్వం ఇచ్చేది 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250. ఆ ఏడాది దాన్ని 10 వేలకీ 25 వేలకీ పెంచారు. అన్నేళ్ళు వంద రూపాయలతో ఊరంతటికీ చాక్లెట్లు పంచమన్న వ్యవస్థ అది, సర్పంచ్‌ని రాజులాగా ఊహించుకునే ముందు అది గుర్తు పెట్టుకోవాలి.

సర్పంచులందరూ నిజాయితీపరులని నేను అనట్లేదు, తినేవాళ్ళు ఉన్నారు, నాకూ తెలుసు. కానీ ఎవరు తిన్నారో తేలేది కాగితంతోనే. మా ఊళ్ళో జరిగింది చెప్తా. గుడి వీధిలో సిమెంటు కాలువ సగంలో ఆగిపోయింది, మిగతా సగం డబ్బు మింగేశారని ఊరంతా మాట. నేనూ నమ్మాను. పంచాయతీ కార్యదర్శికి ఆర్టీఐ దరఖాస్తు ఇచ్చా, ఎస్టిమేటు, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం), ఓచర్ల నకళ్ళు కావాలని. 30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు, పై అధికారికి మొదటి అప్పీలు వేశాక కాగితాలు చేతికొచ్చాయి. ఎస్టిమేటులో 150 మీటర్లు, ఎం-బుక్‌లో కొలత 92 మీటర్లు, బిల్లు చేసింది 92కే. మేం నలుగురం టేపు పట్టుకుని కొలిస్తే 91 పైన వచ్చింది. అంటే కాలువ డబ్బు ఎవరూ తినలేదు, రెండో విడత రాక పని ఆగింది, ఆరు నెలలు ఒక మనిషిని మేం ఊరికే దొంగని అన్నాం. కానీ అవే కాగితాల్లో ఇంకోటి బయటపడింది, వీధిలైట్లు 40 కొన్నట్టు బిల్లు, మేం స్తంభం స్తంభం తిరిగి లెక్కపెడితే 26 ఉన్నాయి. గ్రామసభలో ఓచర్ నంబరుతో సహా చదివాం. నెలలోపు 9 లైట్లు వచ్చాయి, మిగతా 5 స్టాకులో ఉన్నాయన్నారు, స్టాక్ రిజిస్టర్ ఇంకా చూపించలేదు, అది అడుగుతూనే ఉన్నాం. ఊరందరి అనుమానం కాలువ మీద ఉంటే తేడా ఉన్నది లైట్ల దగ్గర. ఫార్వర్డ్ మెసేజ్‌తో ఇది తేలేదా?

పన్ను కట్టనివాడికి హక్కు లేదన్న మాట చదివితే నాకు చాలా కోపం వచ్చింది, ఎందుకంటే అది మా ఊరి కూలోళ్ళని ఉద్దేశించి అన్నదే. 20 రూపాయల సబ్బు కొన్నా, సెల్ రీచార్జ్ చేయించినా జీఎస్టీ కడుతున్నారు, రీచార్జ్ మీద అయితే 18 శాతం, వెయ్యి రూపాయలు సంపాదించేవాడికీ లక్ష సంపాదించేవాడికీ ఒకటే రేటు. ఇన్‌కం టాక్స్ ఒక్కటే పన్ను అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. అసలు పన్నుతో సంబంధమే లేదు కూడా. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభ అంటే ఎవరో చెప్పింది: ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్ళందరూ. పాలేరు, పింఛను తీసుకునే ముసలమ్మ, 18 నిండిన పిల్ల, అందరూ సభ్యులే. అందులో పన్ను రసీదు అడిగే లైనే లేదు.

గ్రామసభలు కాగితం మీదే అన్నది మాత్రం చాలా ఊళ్ళలో నిజం, ఇంటింటికీ తిరిగి రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకుని అయిపోయిందనిపిస్తారు. కానీ ఆ సంతకం పెట్టేది మనమే కదా. తెలంగాణ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది, ఆంధ్రాలో ఏడాదికి కనీసం రెండుసార్లు. జరగని సభకి సంతకం పెట్టను అని ఒక వీధి వాళ్ళు అన్నా చాలు, కార్యదర్శి దండోరా వేయిస్తాడు, మా దగ్గర అలాగే మొదలైంది. 1994లో రాజస్థాన్ పల్లెల్లో కూలి జనం మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) నలుగురిలో బయటికి చదివించడం మొదలుపెట్టారు, చదవడం రాని వాళ్ళే ఎక్కువ అందులో, ఆ పోరాటంలోంచే చివరికి 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్ (జనం ముందు లెక్కల తనిఖీ) 2006లోనే మొదలుపెట్టిన రాష్ట్రం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఇవన్నీ మనకి కొత్త కాదు, మర్చిపోయాం అంతే.

పగలు వస్తాయన్న భయం దగ్గర నేను వాదించను, అది నిజమైన భయం. ఆర్టీఐ వేసిన వాళ్ళ మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి కూడా. అందుకే ఒక్కరే వేయొద్దు, అదే దరఖాస్తు నలుగురైదుగురు విడివిడిగా వేయండి, ఒకరి మీద గురి ఉండదు. మహిళా సంఘం వాళ్ళు వేస్తే ఇంకా బలం. ఎందుకు అడుగుతున్నావో కారణం చెప్పక్కర్లేదు, చట్టంలోనే ఉంది. పని జరిగిన చోటికి వెళ్ళి తనిఖీ చేయొచ్చు, వాడిన సామాను శాంపిల్ కూడా అడగొచ్చు. అంతకన్నా ముందు ఎవరితో గొడవ లేకుండా చేసే పని ఇంకోటి ఉంది, ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో మీ జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే ఆ ఏడాది ప్రణాళిక, ఖర్చు వివరాలు ఫోన్‌లోనే చూడొచ్చు, ఎవరి గుమ్మం ఎక్కక్కర్లేదు.

ఐదేళ్ళకోసారి ఓటు సంగతి ఒక్క ముక్కలో: బిల్లు డ్రా అయిన నాలుగేళ్ళకి ఓటేస్తే ఆ సిమెంటు నాణ్యత ఎవడికి గుర్తుంటుంది?

బావా, నువ్వు అడిగావు కదా ఏం రాయాలని, నేను రాసింది ఇదే, ఊరి పేరు మార్చుకుని వాడుకో, పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదు, నకళ్ళకి మాత్రం పేజీకి కొంత అడుగుతారు:

"పౌర సమాచార అధికారి, గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి. 2024-25 ఆర్థిక సంవత్సరంలో మన పంచాయతీకి జమ అయిన ఆర్థిక సంఘం నిధులు తేదీల వారీగా, ఆ నిధులతో చేసిన ప్రతి పనికీ గ్రామసభ తీర్మానం, ఎస్టిమేటు, ఎం-బుక్, చెల్లింపు ఓచరు నకళ్ళు, కొన్న వీధిలైట్ల స్టాక్ రిజిస్టర్ నకలు ఇప్పించగలరు. పై పనులను స్వయంగా తనిఖీ చేయడానికి ఒక తేదీ, సమయం తెలియజేయగలరు."

కింద సంతకం, తేదీ, ఇంటి నంబరు. ఇంకో కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకోవడం మర్చిపోకు, 30 రోజులు లెక్క ఆ తేదీ నుంచే.