గుండె దడ మాత్రకు ముందు ఆయాసం గురించి అడగాలి

ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడి చూడండి. ఒకావిడ పర్సులోంచి కత్తిరించిన స్ట్రిప్ ముక్క తీస్తుంది. మందు పేరులో సగం అక్షరాలు అప్పటికే కత్తెరకు పోయాయి. "ఇవే ఇంకో పదిహేను ఇవ్వు బాబూ" అంటుంది. కుర్రాడు రంగు చూసి పోల్చుకుని ఇచ్చేస్తాడు. అది ప్రొప్రనొలాల్, షెడ్యూల్ హెచ్ మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మైగ్రేన్‌కి, దడకి, చేతుల వణుకుకి, చివరికి ఇంటర్వ్యూ టెన్షన్‌కి కూడా మింగేస్తున్నారు. ఆవిడకు ఉబ్బసం ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ మందు విషయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ప్రొప్రనొలాల్ బీటా బ్లాకర్ అనే రకం మందు. కంగారు పడ్డప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ గుండెను పరుగెత్తించకుండా బీటా బ్లాకర్లు అడ్డుపడతాయి. అడ్రినలిన్ వెళ్లి పట్టుకునే చోట్లు గుండెలో ఎక్కువగా బీటా-1 రకం, ఊపిరి గొట్టాల్లో బీటా-2 రకం. ప్రొప్రనొలాల్ రెండింటినీ మూసేస్తుంది. దాంతో ఉబ్బసం ఉన్న మనిషికి గొట్టాలు బిగుసుకుపోతాయి. కంగారుగా సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చినా సరిగా పనిచేయదు, ఎందుకంటే అది పనిచేయాల్సిందీ ఆ బీటా-2 మీదే. మెటొప్రొలాల్, బిసొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు ప్రధానంగా గుండె మీదే పనిచేస్తాయి. డోసు పెరిగేకొద్దీ ఆ తేడా కూడా తగ్గిపోతుంది.

మాత్రే అక్కర్లేదు, చుక్క చాలు. మా మేనత్తకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. నీటికాసులకని (గ్లాకోమా) టిమొలాల్ చుక్కలు రాసిచ్చారు. అదీ బీటా బ్లాకరే. వాళ్లు అడగలేదు, ఆవిడ చెప్పలేదు. కంటి చుక్కలకీ ఆయాసానికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు? మూడు రాత్రులు దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే ఉంది. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి, అక్కడి నుంచి నేరుగా రక్తంలో కలుస్తుందని మాకు తర్వాత తెలిసింది.

మిగతా జాగ్రత్తలు కూడా ముందే తెలియాల్సినవే. నాడి ముందు నుంచే బాగా నెమ్మదిగా ఉన్నా, హార్ట్ బ్లాక్ (గుండెను కొట్టించే కరెంటు సంకేతాలు సరిగా సాగకపోవడం) ఉన్నా డాక్టర్‌కు చెప్పాలి. వెరాపమిల్, డిల్టియాజెమ్ అనే బీపీ, గుండె మందులు వాడుతుంటే తప్పనిసరిగా చెప్పాలి, బీటా బ్లాకర్‌తో అవి కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారికి షుగర్ డౌన్ అయినప్పుడు దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. ఇక "తగ్గిపోయింది కదా" అని ఒక్కసారిగా ఆపేస్తే, గుండె జబ్బు ఉన్నవారికి ఛాతీనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు డోసు మెల్లమెల్లగా తగ్గించాల్సిందే.

ఇవన్నీ చెబితే రోగి భయపడి మందే మానేస్తాడని కొందరు డాక్టర్లు అంటారు. ఓపీలో వంద మంది క్యూ కట్టినప్పుడు టైమెక్కడిదని కూడా అంటారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ ఉబ్బసం ఉందా అని అడగడానికి అర నిమిషం కూడా పట్టదు. తెలియక మానేసేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

అసలు లోపం భాషలో ఉంది. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలని మన ప్రభుత్వమే రూలు పెట్టింది. మందు స్ట్రిప్ మీద మాత్రం ఇంగ్లిష్‌లో సన్నక్షరాలు, అవీ కత్తెర పడితే సగమే. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, లైసెన్సు నంబరు వస్తాయి. నకిలీ మందును పట్టుకోవడానికి అది మంచిదే. మా మేనత్తకు కావాల్సింది మాత్రం అందులో లేదు. ఆవిడకు తెలుగు చదవడం వచ్చు. చుక్కల డబ్బా మీద "ఉబ్బసం ఉంటే వాడొద్దు, డాక్టర్‌కు చెప్పండి" అని ఒక్క లైను తెలుగులో ఉండి ఉంటే మొదటి రాత్రే చదువుకునేది. ఆ లైను అచ్చు వేయమని కంపెనీలకు రూలు పెట్టాలి.